తెలుగునేల గనుల గాథ: అగ్నిగుండాల రాగి, బండ్లమోటు సీసము

క్రీస్తు శకము 77వ సంవత్సర ప్రాంతమున రోమక పండితుడైన ప్లినీ తన ప్రకృతిచరిత్ర మహాగ్రంథమును ముగించుచు, లోహములను గూర్చిన భాగమునందు, హిందూదేశమున రాగియు లేదనియు, సీసమును లేదనియు, ఆ దేశీయులు తమ రత్నములను ముత్యములను ఇచ్చి ఈ లోహములను కొనుక్కొనుచుందురనియు, ఏమాత్రము సంశయము లేకుండ వ్రాసియుంచెను. ఆ కాలముననే గోదావరీ కృష్ణాతీరములందు శాతవాహన ప్రభువుల టంకశాలలు ఏనుగు, గుఱ్ఱము, సింహము మొదలగు ముద్రలతో సీసపు నాణెములను పోసి ప్రజల చేతులలో పెట్టుచుండెను. పిమ్మట పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర తూర్పుతీరమున చెల్లిన ఓడ ముద్ర నాణెములలోను సీసపువి కలవు. వారి వెనుక విజయపురిని ఏలిన ఇక్ష్వాకులును ఆ సంప్రదాయమునే అనుసరించిరి. అంగడి వ్యవహారమునకు ఇంత విరివిగ సీసమును వాడిన రాజవంశములు లోకచరిత్రలో మిక్కిలి తక్కువ.

అట్లయిన ఈ సీసము ఎక్కడిది? సముద్రము మీదుగ కొంత వచ్చెననుట నిశ్చయమే. ప్లినీ నాటిదే యైన పెరిప్లస్ అను గ్రీకు వర్తకగ్రంథము, భరుకచ్ఛ ముచిరి రేవులలో దిగు సరకులను లెక్కించుచు, రాగిని, తగరమును, సీసమును పేర్కొన్నది. కాని దిగుమతి యున్నదనుట వేరు, నేలలో లేదనుట వేరు. పరదేశపు పండితుడు ఓడల సరకుల పట్టికను చూచి నేల లోపలి సంగతి చెప్పబూనెను. మన చరిత్రకారులు కొందరు ఆ మాటనే ప్రమాణముగ గైకొని, ఆంధ్రుల సీసమంతయు రోము నుండి వచ్చినదని వ్రాయుట నాకు ఎన్నడును రుచింపలేదు. గనుల సంగతి తేల్చుకొనవలెనన్న గనుల వద్దకే పోవలెను గాని పుస్తకముల వద్దకు కాదు.

గడచిన ప్రకరణములందు కొల్లూరు, వజ్రకరూరు మొదలగు లోకవిశ్రుతములైన గనులను వర్ణించితిమి. ఈ ప్రకరణమునకు విషయమైనది అట్టి కీర్తి యేమియు లేని చిన్న తావు. జాషువ కవికి జన్మస్థలమైన వినుకొండ పట్టణమునకు చేరువను, నల్లమల కొండలు తూర్పు మైదానములోనికి దిగజారు అంచున, అగ్నిగుండాల యను గ్రామము కలదు. ఆ పరిసరములలోని నల్లకొండ, ధూకొండ, బండ్లమోటు అను మూడు చోట్ల రాగి సీసములు గంధకముతో కూడిన గంధకిద ఖనిజములు వెలువడినవి. మూడింటిని కలిపి అగ్నిగుండాల ఖనిజమేఖల యని భూవిజ్ఞానులు వ్యవహరింతురు. పూర్వపు దొరతనపు కాగితములలో ఈ తావును వెదకువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. 1904వ సంవత్సరమున గుంటూరు మండలము మరల ఏర్పడువరకు వినుకొండ తాలూకా కృష్ణామండలములోనిది. నేడది పల్నాడు జిల్లా. కొండ ఉన్నచోటనే యున్నను దాని చిరునామా మాత్రము పలుమారులు మారినది.

ఈ ఖనిజములకు ఆశ్రయమైన శిలలు కడప శిలావర్గములోనివి. రాయలసీమ నుండి కృష్ణానదిని దాటి ఉత్తరమునకు వ్యాపించి, నెలవంక ఆకారమున, సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియున్న ఈ శిలావర్గము, జీవకోటి ఇంకను సూక్ష్మరూపమున మాత్రమే యున్న యుగములో, ఒక విశాలమైన సముద్రపు ద్రోణిలో ఇసుక, బురద, సున్నము పొరలు పొరలుగ పేరుకొనగా ఏర్పడినది. దాని అడుగు పొరలలోనికి చొచ్చుకొనివచ్చిన అగ్నిశిలల వయస్సు 189 కోట్ల సంవత్సరములని నిర్ణయించియున్నారు. దానినిబట్టి ఆ పొరల ప్రాచీనతను ఊహించుకొనవచ్చును. ఈ శిలలను తొలిసారి సాకల్యముగ పరిశీలించి, వరుస తీర్చి, పేర్లు పెట్టినవాడు విలియం కింగ్. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1872వ సంవత్సరమున ప్రకటించిన అతని గ్రంథమున ఈ పొరలు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అను నాలుగు వర్గములుగ విభజింపబడినవి. మన యేరులు, మన కొండలు ఆ విధముగ భూవిజ్ఞాన పరిభాషలోనికి ఎక్కినవి. తరువాతివారు ఆ విభజనమును సవరించిరి గాని పాపఘ్ని, నల్లమల యను పేర్లు నేటికిని నిలిచియున్నవి.

ఈ ద్రోణి పడమటి సగమునకును తూర్పు సగమునకును పోలిక లేదు. పడమట తాడిపత్రి, పులివెందుల ప్రాంతములందు పొరలు పరచిన చాపల తీరున ఇంచుమించు సమతలముగ నున్నవి. తూర్పున నల్లమల వైపున, ప్రక్కనుండి కలిగిన మహాపీడనము వలన ముడుతలు పడి, కొన్నిచోట్ల తలక్రిందులై, నెల్లూరు సీమ ప్రాచీన శిలలు వచ్చి వానిపై ఎక్కి కూర్చున్నవి. అగ్నిగుండాల ఈ నలిగిన భాగమున, ద్రోణి ఈశాన్యపు అంచున నున్నది. అచట క్రింది పొరలు గుమ్మటమువలె పైకి ఉబుకగా, క్వార్ట్జైటు, డోలమైటు, ఫిల్లైటు అను మూడు జాతుల శిలలు ఒకదాని ప్రక్కన ఒకటి నేలపైకి వచ్చినవి. మొదటిది ఇసుకకు, రెండవది సున్నపు అడుసునకు, మూడవది మెత్తని బురదకు కాలక్రమమున కలిగిన రూపాంతరము. ఖనిజము వెదకువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది ఈ శిలల పొందికనే. ఏలయన లోహములు శిలాభేదమును ఎరుగును.

నల్లకొండలో రాగి ప్రధానము. అది చాల్కోపైరైటు రూపమున నుండును. రాగి, ఇనుము, గంధకము కలిసిన, ఇత్తడి వన్నె గల ఖనిజమిది. శుద్ధమైన ముక్కలో రాగి నూటికి 34.6 పాళ్లు. మన రసశాస్త్రజ్ఞులు మాక్షికమని వ్యవహరించిన ద్రవ్యములలో ఇదియు చేరియుండును. రసరత్నసముచ్చయము మాక్షికము నుండి రాగిని పోలిన సత్త్వమును తీయు విధమును చెప్పుచున్నది. బండ్లమోటులో సీసము ప్రధానము. దాని ఖనిజము గలీనా. ఘనచతురస్రములుగ చిట్లుచు, కొత్తగ విరిగిన ముఖమున వెండివలె మెరయుచు, చేతబట్టిన నీటికంటె ఏడున్నర రెట్లు బరువై, నూటికి 86.6 పాళ్లు సీసము గలది. బజారులో సుర్మా రాయి యని అమ్మునది పెక్కుచోట్ల ఇదియే. ధూకొండలో రాగితోపాటు కొంత సీసమును కలదు. సామాన్యముగ సీసమున్నచోట యశదము, అనగా జింకు, దాని వెన్నంటి యుండును. రాజస్థానమునందలి జావర్ గనులు అందుకు ప్రసిద్ధోదాహరణము. బండ్లమోటులో మాత్రము యశదము స్వల్పము. ఈ లోపము శాస్త్రజ్ఞునకు కుతూహలమును, గని నడుపువానికి నష్టమును కలిగించినది. ఒకే త్రవ్వకమున రెండు లోహములు వచ్చిన గనికి గల నిబ్బరము ఒక్క సీసము మీద బ్రతుకు గనికి ఉండదు.

ఈ లోహములు ఇచటికి ఎట్లు వచ్చెనను ప్రశ్నపై చిరకాలము వాదము నడచినది. సమీపముననే వినుకొండ గ్రానైటు కలదు గనుక, ఆ గ్రానైటు కరిగిన స్థితిలో చొచ్చుకొనివచ్చినప్పుడు దాని నుండి వెలువడిన వేడి ద్రవములే లోహములను మోసికొనివచ్చి పగుళ్లలో విడిచెనని పూర్వులు తలచిరి. ఖనిజము తెల్లని స్ఫటికశిలా సిరలలో నుండుట వారికి ఆధారము. తరువాతి పరిశీలకులు మరియొక సంగతిని గమనించిరి. గలీనా యెక్కడబడిన అక్కడ లేదు. డోలమైటు పొరను అంటిపెట్టుకొని, ఆ పొర వంగినచోట తానును వంగి, పొర సన్నగిల్లినచోట తానును సన్నగిల్లుచున్నది. ద్రోణి అడుగున ఇసుక పొరల గుండ ఉప్పునీరు నెమ్మదిగ పయనించుచు శిలల నుండి లోహములను కరిగించుకొని, గంధకము నిండిన సున్నపు అడుసును చేరినంతనే వానిని గంధకిదములుగ దింపివేసెననియు, పొరలు ముడుతపడిన కాలమున ఆ ఖనిజములో కొంత మరల కదలి పగుళ్లలోనికి చేరెననియు చెప్పినచో రెండు లక్షణములకును సమాధానము దొరకును. పొరను విడువని గుణమును మొదటి వాదము వివరింపలేకపోవుచున్నది గనుక, ఈ రెండవ మార్గమే నాకును సమంజసముగ తోచుచున్నది.

ఇది తర్కము కొరకు తర్కము కాదు. గ్రానైటు నుండి వచ్చెనన్నచో గ్రానైటు అంచు వెంట వెదకవలెను. పొరలో పుట్టెనన్నచో ఆ పొర ఎంతదూరము పోయిన అంతదూరము వెదకవలెను. సిద్ధాంతము మారినచో బోరు వేయు చోటు మారును, వ్యయమగు ధనము మారును.

గంధకిద ఖనిజము భూమిలోపల చీకటిలో నున్నంతకాలము తన రూపమును మార్చుకొనదు. వాననీరును గాలియు తగిలినచోట మాత్రము గంధకము ఆమ్లమై పోవును, ఇనుము త్రుప్పుపట్టి ఎఱ్ఱని గుల్లరాయిగ మిగులును, రాగి నీటిలో కరిగి క్రిందికి జారి, సున్నపుశిల తగిలినంతనే ఆకుపచ్చని మాలకైటుగను, నీలవర్ణపు అజురైటుగను పేరుకొనును. ఇట్లు కొండ నెత్తిన ఎఱ్ఱని గుల్లరాయియు, దాని ప్రక్కల పచ్చని మరకలును ఏర్పడును. ఆ పచ్చదనమును మొదట చూచినవాడు ఏ గొఱ్ఱెలకాపరియో, ఏ వేటకాడో! అతని పేరు ఏ శాసనమునందును చెక్కబడలేదు. మాలకైటులో రాగి నూటికి 57 పాళ్లకు పైబడియుండును. అందులో గంధకము లేదు గనుక బొగ్గుతో కలిపి కొలిమిలో ఊదిన చాలును, లోహము దిగును. తొలినాటి లోహకారుడు చాల్కోపైరైటు జోలికి పోక ఈ పచ్చరాతినే ఏరుకొని యుండును. పైపొర తరిగిన పిదప మాత్రమే అతడు లోపలి ఇత్తడివన్నె ఖనిజమునకు దిగి, దానిని ముందుగ కట్టెలపై కాల్చి గంధకమును పోగొట్టి, ఇసుకరాతి పొడిని చేర్చి ఇనుమును చిట్టెముగ వేరుపరచు కష్టతర విద్యను నేర్వవలసివచ్చెను. సీసపు పని ఇంతకంటె తేలిక. గలీనాను కాల్చి బొగ్గుతో ఊదినచో 327 డిగ్రీలకే కరగు లోహము చేతికి వచ్చును. పల్లెలోని సామాన్యపు కొలిమి అందుకు చాలును.

ఈ కొండలలో గుంతలు, సన్నని కలుగుల వంటి త్రవ్వకములు, చిట్టెపు కుప్పలు పూర్వులు విడిచిపోయిన గుర్తులుగ మిగిలియుండెను. వీని ప్రామాణ్యమును మన పూర్వశాస్త్రకారులే గుర్తించిరి. కౌటిల్యుడు ఆకరాధ్యక్షుని విధులను చెప్పుచు, పూర్వము పనిజరిగిన గనిని చిట్టెము, మూస, బొగ్గు, బూడిద అను గుర్తులచేత కనిపెట్టి పరీక్షింపవలెనని విధించెను. రాగిధాతువు బరువుగ, జిడ్డుగ, పచ్చని ఎఱ్ఱని వన్నెలతో నుండుననియు, సీసధాతువు కాకివలె నల్లనిదై యుండవచ్చుననియు లక్షణములను వ్రాసెను. మైసూరు పండితుడు శామశాస్త్రి 1909వ సంవత్సరమున అర్థశాస్త్రమును ముద్రించి వెలువరించినప్పుడు లోకము దాని రాజనీతిని మెచ్చుకొన్నది. గనుల అధ్యాయమును చదివినవారు అంతమంది ఉండరు. రెండువేల యేండ్లకు పిమ్మట సర్వేక్షణ సంస్థవారు అగ్నిగుండాలలో చేసిన మొదటి పని సరిగా కౌటిల్యుడు చెప్పినదే: పాత గుంతలను గుర్తించి పటముమీద ఎక్కించుట.

శాతవాహనుల నాణెములకును ఈ కొండలకును సంబంధము కలదా యను ప్రశ్న ఇచ్చట మరల తలయెత్తును. సీసములో నాలుగు జాతుల పరమాణువులు వేర్వేరు పాళ్లలో నుండును. ఆ పాళ్లు గనికొక తీరుగ నుండుటచేత, నాణెపు సీసమును గని సీసముతో పోల్చి దాని జన్మస్థలమును ఊహించు పద్ధతి యొకటి ఇరువదవ శతాబ్దమున ప్రబలినది. శాతవాహన నాణెములపైనను అట్టి పరీక్షలు జరిగినవి. కాని సీసము పలుమారులు కరిగి పలుమారులు పోయబడు లోహము. పాత నాణెము, ఓడలో వచ్చిన దిమ్మె, కొండ నుండి దిగిన ముద్ద, మూడును ఒకే మూసలో కలిసినచో ఏ పరీక్షయు వానిని తిరిగి విడదీయజాలదు. కనుక బండ్లమోటు సీసముతోనే ఈ నాణెము పోసిరని వ్రేలు చూపి చెప్పుట సాహసము. ప్లినీ వాక్యము నిజము కాదని చెప్పుటకు మాత్రము ఈ గుంతలు చాలును. రాగిసీసములు ఈ నేలలో కలవు, వానిని మనవారు ఎరుగుదురు, త్రవ్విరి, కరగించిరి.

వ్రాతపూర్వకముగ ఈ తావును లోకమునకు తెలిపిన మొదటివాడు బెంజమిన్ హైన్. ఇతడు శాక్సనీ దేశస్థుడు. మతప్రచార సంఘముతో తరంగంబాడి చేరి, 1793వ సంవత్సరమున రాక్స్‌బర్గు వెనుక సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడై, చెట్లను చూడవలసిన కొలువులో నుండి రాళ్లను, ఉక్కు కొలుములను, ఉప్పుమళ్లను, వజ్రపు గనులను సైతము చూచి వ్రాసిపెట్టిన బహుముఖ కుతూహలి. కంపెనీవారికి కావలసినది లాభము. హైనునకు కావలసినది జ్ఞానము. ఒకే ప్రయాణమున రెండును నెరవేరెను. అగ్నిగుండాల, కాళహస్తి, వెంకటగిరి, నెల్లూరు సీమల రాగి గనులను గూర్చి అతడు సిద్ధపరచిన నివేదిక 1814వ సంవత్సరమున లండనులో వెలువడిన అతని వ్యాససంపుటమున చేరినది. ఆ గ్రంథమున మన గ్రామము అగ్రికొండాల యను వికృతరూపమున కనబడును. తెలుగు ఊళ్ల పేర్లు పరాయి చెవులలో పడినప్పుడు ఇంతకంటె ఘోరములు జరిగినవి గనుక హైనును క్షమింపవచ్చును.

హైను తెచ్చిన రాళ్లలో ఒకదానికి విచిత్రమైన గతి పట్టినది. మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దున దొరికిన ఒక రాగిరాతిని థామస్ థామ్సన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి, ఇది నీటిపాలు లేని క్రొత్త ఖనిజమని 1814వ సంవత్సరమున ప్రకటించెను. దానికి మైసోరిన్ అను నామధేయము కలిగినది. ఖనిజశాస్త్ర గ్రంథములు కొంతకాలము దానిని వల్లించినవి. తరువాతివారు మరల పరీక్షించి చూడగా అది మలినములతో కూడిన మాలకైటు తప్ప వేరు కాదని తేలినది. ఐరోపా ప్రయోగశాలలో మన రాతికి జరిగిన నామకరణ మహోత్సవము ఆ విధముగ ముగిసినది.

పందొమ్మిదవ శతాబ్దమంతయు అగ్నిగుండాల మరుగుననే యుండెను. కింగ్ ఈ కొండల మీదుగ నడచెను. 1883లో గోర్డన్ మెకంజీ కృష్ణామండల వృత్తాంతమును సంపుటీకరించెను. గని మాత్రము తెరువబడలేదు. నెల్లూరు సీమలో గరిమనిపెంట ప్రాంతపు రాగిమీద తెల్లదొరలు కొందరు సొంత పెట్టుబడితో పనికి దిగి, చేతులు కాల్చుకొని విరమించిరి. కారణములు ఊహింపరానివి కావు. మనదేశపు ధాతువు చెదరియున్నది. సిర కొన్ని అడుగులు బలముగ సాగి హఠాత్తుగ సన్నగిలును. కరగించుటకు కట్టెబొగ్గు వలయును. అడవి నానాటికి దూరమగుచున్నది. అదే కాలమున వేల్సు దేశపు స్వాన్సీ రేవున దేశదేశముల రాగిధాతువును రాశిపోసి రాక్షసిబొగ్గుతో కరగించి, ఆ రాగిని మద్రాసు రేవున చవుకగ దింపుచుండిరి. మన కంచరివాండ్రు సీమరాగిని కొని బిందెలు కొట్టుకొనిరి. నేలలో లోహము లేకపోవుట వలన గాక, పరదేశపు లోహము చవుక యగుట వలన మన గనులు పూడిపోయినవి.

స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమున చెప్పుకోదగిన రాగి సింహభూమి మండలపు మోసాబని గనులలో మాత్రమే తీయబడుచుండెను. దానిని ఘాట్‌సిలా సమీపమున కరగించెడివారు. సీసమునకు జావరే దిక్కు. విద్యుత్తంతులకు రాగి, బ్యాటరీలకు కేబుళ్లకు సీసము, తుపాకిగుండ్లకు రెండును అవసరమైన కాలమున విదేశమారకము చాలక ప్రభుత్వము సతమతమగుచుండగా, పాత గుంతల జాబితాలు మరల బయటికి తీయబడినవి. ఒక శతాబ్దమునకు పూర్వము ఏ తావును చిన్నదని తోసివేసిరో, ఆ తావుననే 1950, 60 దశకములలో సర్వేక్షణ సంస్థ గుడారములు వెలసెను.

అన్వేషణ మనగా ఏమి చేయుదురో కొంచెము విపులముగ చెప్పుట యుక్తము. ఏలయన పాఠకులలో చాలమంది దానిని అదృష్టపు వ్యవహారముగ భావింతురు. మొదట శిలాపటము. ప్రతి రాతి పొర ఏ దిక్కునకు సాగుచున్నది, ఎంత వాలి భూమిలోనికి దిగుచున్నది యని దిక్సూచితో కొలిచి పటముమీద గీయుదురు. పిదప పొరకు అడ్డముగ కందకములు త్రవ్వి మట్టిక్రింది రాతిని బయటపెట్టుదురు. కొలతప్రకారము వరుసలు తీర్చి మట్టి నమూనాలు సేకరించి అందలి రాగిసీసములను పరీక్షింతురు. లోహమున్నచోట మట్టిలో దాని జాడ చుట్టుప్రక్కలకంటె హెచ్చుగ నుండును. ఇవన్నియు ఒకే చోటును చూపినప్పుడు గాని బోరుయంత్రమును రప్పింపరు.

బోరుయంత్రపు కొనను వజ్రపు రవలు పొదిగిన ఉక్కు వలయముండును. అది తిరుగుచు దిగుచుండగా రాయి గుండ్రని కడ్డీగ తెగి గొట్టములోనికి ఎక్కును. దానిని కోర్ అందురు. అంగడిలో పుచ్చకాయకు చాకుతో చిన్న ముక్క కోసి లోపలి ఎరుపును చూపించినట్లు, కొండను పగులగొట్టకయే దాని లోగుట్టును చూచుటకు ఇది ఉపాయము. కాని పుచ్చకాయ ఒక్క ముక్కతో తేలును, కొండ తేలదు. ఒక బోరులో నాలుగు మీటర్ల మందమున గలీనా తగులును. నూరు మీటర్ల దూరమున వేసిన రెండవదానిలో కేవలము డోలమైటు. అది పొర ఎగిరిపోవుటయా, ముడుతలో ప్రక్కకు తప్పుకొనుటయా, లేక ఖనిజము అంతటితో ముగియుటయా? పెట్టెలలో వరుసగ పేర్చిన కోర్ ముక్కలముందు కూర్చుండి ఈ ప్రశ్నను తేల్చవలసినవాడు భూవిజ్ఞాని. నలిగిన నల్లమల పొరలలో ఇది ఎంతటి చిక్కు లెక్కయో చెప్పనలవి కాదు. కోరును నిలువునా రెండుగ చీల్చి, ఒక సగమును పరీక్షకు పంపి, మరొక సగమును భద్రపరతురు; పిదప ఒక్కొక్క బోరుకు ఎంత వైశాల్యమును అంటగట్టవచ్చునో నిర్ణయించి, మందమును వైశాల్యముతో గుణించి, సాంద్రతతో గుణించి, ధాతువు ఇన్ని టన్నులని తేల్చుదురు. సంఖ్య చూచుటకు ఖచ్చితముగ నుండును. దాని వెనుక ఎంత ఊహ యున్నదో లెక్కవేసిన వానికే తెలియును.

అంతట గని కట్టవలసిన సంస్థల వంతు వచ్చినది. 1967వ సంవత్సరము నవంబరున హిందూస్థాన్ కాపర్ సంస్థ స్థాపితమై, రాజస్థానపు ఖేత్రీ మొదలగు రాగి పథకములను జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ నుండి స్వీకరించినప్పుడు అగ్నిగుండాలయు ఆ జాబితాలో నుండెను. అంతకు ముందటి యేడు ఏర్పడిన హిందూస్థాన్ జింకు సంస్థ చేతికి సీసపు పని వచ్చినది. మూడు కొండలలో అసలు గనిగ నడచినది బండ్లమోటు. రాగికొరకు ఆరంభమైన వెదకులాట సీసముతో స్థిరపడుట ఇచటి విశేషము.

బండ్లమోటు గనికి నిర్ణయించిన శక్తి దినమునకు 240 టన్నుల ధాతువు. అందు నూటికి అయిదు పాళ్లు సీసమున్నదనుకొన్నచో, దినమున చేతికందునది 12 టన్నులు. నష్టము పోగా ఇంకను తక్కువ. కొండ ప్రక్కనుండి సొరంగములు తొలిచి, పేల్చిన రాతిని బయటికి తెచ్చి, పిండిగ నూరి, నీటిలో కలిపి, మందులు చేర్చి గాలి ఊదగా, గలీనా రేణువులు నురుగునంటి పైకి తేలును, డోలమైటు అడుగున మిగులును. బరువున ఏడున్నర రెట్లున్న ఖనిజము తేలుటయు, తేలికైన రాయి మునుగుటయు చూచువారికి ఇంద్రజాలమువలె తోచును. ఖనిజపు మేనికి నీరు అంటకుండ చేయు మందులే అందలి రహస్యము. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనులవారు ఇరువదవ శతాబ్దారంభమున ఈ విద్యను సాధించిరి. నురుగు నుండి తీసి ఆరబెట్టిన సీసపు సాంద్రము విశాఖపట్టణపు కరగింపుశాలకు చేరెడిది. పోలండు దేశపు సాంకేతిక సహాయమున 1977వ సంవత్సరమున యశదముతో పని ప్రారంభించిన ఆ శాలకు సీసపు విభాగమును చేర్చిరి. పల్నాటి కొండలోని లోహము తెలుగునేల మీదనే కరిగి దిమ్మెగ మారుట చిరకాలమునకు మరల సంభవించినది.

ఆ యేర్పాటు చిరకాలము నిలువలేదు. బండ్లమోటు శక్తి 240 టన్నులు. రాజస్థానములోని రాంపురా ఆగూచా గని 1991వ సంవత్సరమున తెరచుకొన్నప్పుడు తొలినాటి శక్తియే దినమునకు 3,000 టన్నులు. అది నేలపైననే తెరచిన గొయ్యి, ఇది కొండలోని సొరంగము. అందు యశదము పుష్కలము, ఇందు లేనంత స్వల్పము. ఒకే సంస్థకు ఈ రెండు గనులును ఉన్నప్పుడు ఏది ముందు మూతపడునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. ప్రపంచపు విపణిలో సీసపు ధర పడిపోయినప్పుడెల్ల చిన్న గని ప్రాణము మీదికి వచ్చును. పెద్ద గని ఆ దెబ్బను లోతట్టు నిలువలతో భరించగలదు. 2002వ సంవత్సరమున ప్రభుత్వము హిందూస్థాన్ జింకులో తన ఆధిపత్యమును ప్రైవేటు సంస్థకు అమ్మివేసినది, గని మూతపడినది, తదుపరి దశకమున విశాఖ కరగింపుశాలయు పని చాలించినది.

గని మూతపడుటచేత ధాతువు అయిపోయెనని అర్థము కాదు. ఆనాటి ధరకు, ఆనాటి యంత్రమునకు, ఆనాటి అవసరమునకు తగినది మాత్రమే త్రవ్వబడినది. మిగిలినది అచ్చటనే యున్నది. కాపరి చూచిన పచ్చమరక, హైను నివేదిక, సర్వేక్షణవారి కోరుపెట్టెలు, మూడును ఒకే కొండను గూర్చినవే. ప్రతి యుగము దానికి తన కొలబద్దతో వేరు వేరు విలువ కట్టినది. నల్లమల వర్గపు పొరలు వినుకొండతో ఆగక దక్షిణమునకు ప్రకాశము, కడప మండలముల మీదుగ సాగుచున్నవి. ఆ పొరలను పట్టుకొని పోయిన అన్వేషకులకు వరికుంట, జంగంరాజుపల్లె ప్రాంతమున మరల పాత గుంతలు ఎదురైనవి. అచట సీసముతోపాటు బండ్లమోటులో కొరవడిన యశదమును కలదు. ఆ తావుల వృత్తాంతము వచ్చు ప్రకరణమున.

(సశేషము)